వెబ్ పేజీలో అక్షరాలను అందరూ చదవగలిగేలా కదిలించడం ఎలా?

పేజీ తెరవగానే శీర్షికలోని మాటలు కింది నుంచి ఒక్కొక్కటిగా తేలివచ్చి కుదురుకోవడం, ఎవరో టైపు చేస్తున్నట్టు అక్షరం వెంట అక్షరం పడటం, స్క్రోల్ చేసేకొద్దీ పేరాలు మసకలోంచి తేటపడటం ఇప్పుడు వెబ్ డిజైన్‌లో మామూలైపోయాయి. వీటిని శ్రద్ధగా చేస్తే చదువరి చూపు ఎక్కడ పడాలో అక్కడే పడుతుంది. అజాగ్రత్తగా చేస్తే అదే శీర్షిక కొందరికి తల తిప్పుతుంది, కొందరికి ముక్కలుముక్కలుగా వినిపిస్తుంది, మరికొందరికి అసలు కనిపించనే కనిపించదు. ఈ మూడోది నా పొరపాటు వల్లే నాకు తెలిసివచ్చింది కాబట్టి, దాని గురించి తగిన చోట వివరంగా చెబుతాను.

హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్ తెలిసి, జావాస్క్రిప్ట్‌తో కొంత పరిచయం ఉన్నవారిని ఉద్దేశించి ఈ పద్ధతిని రాస్తున్నాను. దీని ఆధారం ఒక్కటే: కదలిక లేని పేజీని ముందు సంపూర్ణంగా సిద్ధం చేసుకోవాలి, ఆ తరువాత కదలిక వద్దని చెప్పనివారికి మాత్రమే దాన్ని పైపొరగా చేర్చాలి. చాలామంది ముందు కదలికను తయారుచేసి, చివర్లో దాన్ని ఆపే ఏర్పాటు చేస్తారు. ఈ వ్యాసంలో చెప్పబోయే లోపాల్లో ఎక్కువ భాగం ఆ తలకిందుల వరుసలోంచే పుడతాయి. ఉదాహరణకు దరఖాస్తు పంపిన తరువాత కనిపించే పేజీలోని "మీ దరఖాస్తు అందింది" అనే శీర్షికను తీసుకుందాం. మూడే మాటలైనా, తెలుసుకోవలసిన విషయాలన్నీ దానిలోనే బయటపడతాయి.

ముందుగా, ఎవరికి ఏ ఇబ్బంది?

లోపలి చెవికి, శరీర సమతౌల్యానికి సంబంధించిన సమస్యలున్నవారికి తెరపై జరిగే పెద్ద కదలికలు కళ్లు తిరగడం, వికారం, తలనొప్పి కలిగించగలవు. శరీరం కదలడం లేదని చెవి చెబుతుంటే, చుట్టూ ఉన్నది కదులుతోందని కన్ను చెబుతుంది. ఆ రెండు సమాచారాలూ పొసగకపోవడమే ఆ బాధకు మూలం. 2013లో ఐఓఎస్ 7 విడుదలైనప్పుడు తెర లోపలికి దూసుకుపోయినట్టుండే దాని యానిమేషన్లపై ఇలాంటి ఫిర్యాదులే చాలా వచ్చాయి. ఏకాగ్రత నిలపడం కష్టమైనవారికి పేరా పక్కన ఆగకుండా కదిలే మాట ఒక్కటి ఉన్నా చదువు సాగదు. చదవడంలో ఇబ్బంది ఉన్నవారికి, ఆ భాషను కొత్తగా నేర్చుకుంటున్నవారికి, వాక్యం పూర్తయ్యేలోపే మారిపోయే టెక్స్ట్ అందదు. తెరను బాగా పెద్దది చేసి చూసేవారికి పేజీలో చిన్న భాగమే కనిపిస్తుంది కాబట్టి, ఆ భాగం బయట జరిగిన కదలిక జరిగినట్టే తెలియదు.

వీటన్నిటికంటే తీవ్రమైనది వెలుగుచీకట్ల మినుకు. 1997 డిసెంబర్ 16న జపాన్‌లో ప్రసారమైన ఒక టీవీ కార్టూన్‌లో ఎరుపు, నీలం రంగులు సెకనుకు సుమారు 12 సార్లు మారుతూ కొన్ని క్షణాలపాటు మినుకుమన్న తరువాత, మూర్ఛ వంటి లక్షణాలతో దాదాపు 685 మందిని, ఎక్కువగా పిల్లలను, ఆసుపత్రులకు తరలించవలసి వచ్చింది. వెబ్ పేజీ మీదా అదే కన్ను, అదే మెదడు పనిచేస్తాయి.

వెబ్ ప్రమాణాలను రూపొందించే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం, వైకల్యాలున్నవారికీ పేజీలు అందుబాటులో ఉండేందుకు వెలువరించే డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాలు ఈ విషయంలో మీకు కొలబద్దగా ఉంటాయి. 2008లో వచ్చిన 2.0, 2018లో వచ్చిన 2.1, 2023లో వచ్చిన 2.2 సంచికల్లో నియమాలు ఒకదాని మీద ఒకటి చేరుతూ వచ్చాయి. మనకు నేరుగా పనికివచ్చేవి నాలుగైదే కాబట్టి వాటిని సందర్భం వచ్చిన చోట చెబుతాను.

మొదటి అడుగు: కదలిక చేసే పని ఏమిటో ఒక వాక్యంలో రాసుకోండి

"కొత్త సందేశం వచ్చిందని గమనింపజేయడం", "ఈ మూడు మాటలను ఈ వరుసలో చదివించడం" వంటి వాక్యం మీరు రాయగలిగితే ముందుకు వెళ్లండి. "పేజీ చప్పగా ఉంది" అన్నది తప్ప మరో కారణం దొరకకపోతే, అక్షరాల పరిమాణాన్ని, ఖాళీలను, రంగును సరిదిద్దడం అంతకంటే మంచి మందు. శీర్షికలు, బటన్లు, చిన్న సందేశాలు కదలికను భరిస్తాయి. పేరాలు, ఫారమ్‌లోని లేబుళ్లు, తప్పు జరిగిందని చెప్పే సందేశాలు భరించవు; వాటిని కదపకూడదన్నది నా స్థిరాభిప్రాయం. మెరిసి ఆరే బ్లింక్ ట్యాగ్‌ను ఫైర్‌ఫాక్స్ 2013లో తన 23వ సంచికతో తొలగించింది, పక్కకు పరుగెత్తే మార్కీ ట్యాగ్‌ను హెచ్‌టీఎంఎల్ ప్రమాణం వాడకూడని వాటి జాబితాలో చేర్చింది. ట్యాగులు పోయినా, సీఎస్ఎస్‌తో వాటినే మళ్లీ తయారుచేసే అలవాటు పోలేదు.

రెండో అడుగు: కదలని పేజీని పూర్తి చేయండి

"మీ దరఖాస్తు అందింది" అన్న వాక్యం హెచ్‌టీఎంఎల్‌లో ఒక శీర్షిక ట్యాగ్ లోపల, మొత్తంగా, మామూలు టెక్స్ట్‌గా ఉండాలి. జావాస్క్రిప్ట్ వచ్చాక ఒక్కో అక్షరాన్ని చేర్చే పద్ధతి వద్దు. జావాస్క్రిప్ట్‌ను ఆపి పేజీని తెరిచి చూడండి. శీర్షిక కనిపిస్తోందా, రంగుకూ నేపథ్యానికీ మధ్య 4.5కు 1 నిష్పత్తి అయినా ఉందా, అక్షరాలు పెద్దవైతే 3కు 1 అయినా ఉందా అని సరిచూసుకోండి. తెరను 400 శాతానికి పెంచినప్పుడు వాక్యం తెగిపోకుండా కింది వరుసలోకి మళ్లాలి. ఈ స్థితిలో పేజీ అర్థవంతంగా ఉంటే, మీ యానిమేషన్ ఏ కారణంతో పనిచేయకపోయినా చదువరికి నష్టం ఉండదు.

ఇక నా పొరపాటు సంగతి. ఒక ప్రాజెక్టులో శీర్షికకు సీఎస్ఎస్ నియమంలోనే అపారదర్శకతను, అంటే ఒపాసిటీని, సున్నాగా పెట్టాను. యానిమేషన్ దాన్ని సున్నా నుంచి ఒకటికి తీసుకువెళ్లి, చివరి స్థితిలోనే నిలబెట్టేది. కదలికను తగ్గించుకున్నవారి కోసం విడిగా ఒక మీడియా క్వెరీ రాసి, దానిలో యానిమేషన్‌ను "నన్" చేశాను. నా కంప్యూటర్‌లో అంతా చక్కగా ఉంది. కొన్ని రోజుల తరువాత ఒక వాడుకరి, పేజీ పైభాగంలో ఖాళీ తప్ప ఏమీ లేదని రాశారు. ఆమె ఫోన్‌లో కదలిక తగ్గించే సెట్టింగ్ ఆన్‌లో ఉంది. నేను యానిమేషన్‌ను తీసేశాను కాని, దాని ఆరంభ స్థితిని అలాగే వదిలేశాను. అందువల్ల శీర్షిక ఎప్పటికీ సున్నా దగ్గరే ఉండిపోయింది. ఎవరి మేలు కోరి ఆ నియమం రాశానో, వారికే పేజీ కనిపించకుండా చేశాను.

దీనికి విరుగుడు ఏమిటంటే, దాచిన స్థితిని మూలకం నియమంలో ఎప్పుడూ రాయకూడదు. దాన్ని కీఫ్రేమ్స్‌లోని "ఫ్రమ్" దశలో మాత్రమే రాసి, యానిమేషన్-ఫిల్-మోడ్ విలువను "బ్యాక్‌వర్డ్స్" అని ఇవ్వండి. అప్పుడు ఆలస్యంగా మొదలయ్యే మాటలు కూడా తమ వంతు వచ్చేదాకా దాగే ఉంటాయి, యానిమేషన్ లేకపోతే మాత్రం టెక్స్ట్ తన సహజ స్థితిలో కనిపిస్తుంది. పేజీ వేగం దృష్ట్యా కూడా జాగ్రత్త అవసరం. పేజీలో అతిపెద్ద అంశం ఎంతసేపటికి కనిపించిందో లెక్కించేటప్పుడు క్రోమ్ ఒపాసిటీ సున్నాగా ఉన్న అంశాలను పరిగణించదు కాబట్టి, ప్రధాన శీర్షికను దాచి మొదలుపెడితే ఆ కొలత దెబ్బతినవచ్చు.

మూడో అడుగు: అనుమతి చూసుకుని కదిలించండి

వాడుకరి తన ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో కదలిక తగ్గించమని ఒకసారి చెబితే, ఆ కోరిక ప్రిఫర్స్-రెడ్యూస్డ్-మోషన్ అనే మీడియా ఫీచర్ ద్వారా మీ పేజీకి అందుతుంది. సఫారీ 2017లోనూ, ఫైర్‌ఫాక్స్ 2018లోనూ, క్రోమ్ 2019లోనూ దీన్ని అమలుచేశాయి కాబట్టి, బ్రౌజర్లకు తెలియదన్న సాకు ఇప్పుడు చెల్లదు. దీనికి రెండు విలువలుంటాయి: కదలిక తగ్గించమనే "రెడ్యూస్", ఏ కోరికా చెప్పలేదనే "నో-ప్రిఫరెన్స్".

సాధారణంగా అందరూ "రెడ్యూస్" లోపల ఒక్కో యానిమేషన్‌ను రద్దు చేస్తూ పోతారు. మీరు దానికి బదులు అన్ని కదలికలనూ "నో-ప్రిఫరెన్స్" బ్లాక్ లోపలే రాయండి. అప్పుడు రద్దు చేయవలసినదంటూ ఏదీ మిగలదు, రేపు జట్టులో మరొకరు కొత్త యానిమేషన్ చేర్చినా అదే బ్లాక్‌లో చేర్చడం అలవాటవుతుంది. మూలకం దానంతటది నిశ్చలంగా ఉంటుంది, అనుమతి ఉన్న చోటే కదులుతుంది.

ఈ సెట్టింగ్ పేరులో ఉన్నది తగ్గించడమే తప్ప పూర్తిగా తీసివేయడం కాదు. దూరం ప్రయాణించేవి, పెద్దవయ్యేవి, తిరిగేవి, స్క్రోల్‌కు భిన్నమైన వేగంతో జరిగేవి ఇబ్బంది పెడతాయి. ఉన్న చోటే ఉండి మెల్లగా తేటపడే మాట సాధారణంగా ఇబ్బంది పెట్టదు. కాబట్టి మార్పును గమనింపజేయడం నిజంగా అవసరమైన చోట, "రెడ్యూస్" కోరినవారికి 150 మిల్లీసెకన్లపాటు ఉన్న చోటే తేటపడే రూపాన్ని ఇవ్వవచ్చు. అలంకారం కోసమే ఉన్నదైతే అదీ వద్దు.

జావాస్క్రిప్ట్‌తో నడిచే కదలికలకు సీఎస్ఎస్ నియమాలు వర్తించవన్నది చాలామంది మరచిపోయే విషయం. వెబ్ యానిమేషన్స్ ఏపీఐలోని "యానిమేట్" పద్ధతితో మొదలుపెట్టినదాన్ని సీఎస్ఎస్‌లోని "యానిమేషన్: నన్" ఆపదు. అక్కడ మ్యాచ్‌మీడియా ఫంక్షన్‌తో అదే ప్రశ్న అడిగి, జవాబు "రెడ్యూస్" అయితే చివరి స్థితిని నేరుగా చూపించాలి. పేజీ తెరిచి ఉండగానే వాడుకరి సెట్టింగ్ మార్చుకోవచ్చు కాబట్టి, ఆ క్వెరీ మీద వచ్చే "ఛేంజ్" సంఘటనను కూడా వినాలి. మీరు ఏదైనా లైబ్రరీ వాడుతుంటే, ఆ పని అది తనంతట తాను చేస్తుందని అనుకోకుండా ప్రయత్నించి చూడండి.

ఈ సెట్టింగ్ ఉందని తెలియనివారు, పరాయి కంప్యూటర్ వాడేవారు కూడా ఉంటారు. పేజీలో కదలిక ఎక్కువగా ఉంటే, "కదలికలను ఆపు" అనే బటన్‌ను మీరే ఇవ్వడం మంచిది.

నాలుగో అడుగు: వాక్యాన్ని విడగొట్టడం

ఎక్కువ హాని జరిగేది ఇక్కడే కాబట్టి, ఈ అడుగు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

మాటలు ఒకదాని తరువాత ఒకటి రావాలంటే ఒక్కో మాటను ఒక్కో స్పాన్ ట్యాగ్‌లో పెట్టాలి. అక్షరాలు ఒక్కొక్కటిగా రావాలంటే ఒక్కో అక్షరాన్నీ అలాగే పెట్టాలి. ఇంటర్నెట్‌లో దొరికే చాలా కోడ్‌లు వాక్యాన్ని జావాస్క్రిప్ట్‌లోని "స్ప్లిట్" పద్ధతితో ఖాళీ కొటేషన్ ఇచ్చి ముక్కలు చేస్తాయి. ఇంగ్లిష్‌కు అది కంటికి సరిపోతుంది. తెలుగుకు ఏ విధంగానూ సరిపోదు. "దరఖాస్తు" అన్న మాటలో మన కంటికి ద, ర, ఖా, స్తు అనే నాలుగు అక్షరాలే ఉన్నాయి. అన్ని లిపులకూ సంకేతాలిచ్చే యూనికోడ్ ప్రమాణంలో మాత్రం అది ద, ర, ఖ, దీర్ఘం, స, పొల్లు, త, కొమ్ము అని ఎనిమిది సంకేతాలు. స్ప్లిట్ చేసినప్పుడు ఆ ఎనిమిదీ ఎనిమిది స్పాన్‌లుగా విడిపోతాయి. ఖాకు దీర్ఘం ఊడి, చుక్కల వలయం మీద విడిగా వేలాడుతుంది. త ఒత్తు ఒత్తుగా కాకుండా పూర్తి అక్షరంగా పక్కకు వచ్చి నిలుస్తుంది. "మీ దరఖాస్తు అందింది" అన్న మొత్తం వాక్యంలో ఎనిమిది అక్షరాలుంటే, ఖాళీలు కాక పదిహేడు ముక్కలు తయారవుతాయి. "స్త్రీ" వంటి ఒకే అక్షరం ఆరు ముక్కలవుతుంది.

అక్షరాలుగానే విడగొట్టవలసి వస్తే, జావాస్క్రిప్ట్‌లోని ఇంటల్ సెగ్మెంటర్‌ను "గ్రాఫీమ్" స్థాయిలో, అంటే కంటికి కనిపించే అక్షరం స్థాయిలో, వాడండి. గుణింతపు గుర్తులు, సున్నాలు దానితో అక్షరాన్ని అంటిపెట్టుకునే ఉంటాయి. ఒత్తుల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల్లో సంయుక్తాక్షరాన్ని విడగొట్టకూడదన్న నియమం యూనికోడ్ విభజన ప్రమాణంలో 2023లో వచ్చిన 15.1 సంచికతోనే చేరింది. కాబట్టి పాత బ్రౌజర్లలో "స్తు" అన్నది "స్", "తు" అని రెండుగా చీలిపోవచ్చు. అందువల్ల నా సలహా సూటిగా ఉంటుంది: తెలుగులోనైనా, అక్షరాలు కలిసి రూపం మార్చుకునే మరే లిపిలోనైనా, మాటల స్థాయి దాటి కిందికి దిగకండి. మాటకు మాటగా వచ్చే కదలిక ఏ లిపిలోనైనా చదువుకు అనుకూలంగానే ఉంటుంది, ఎందుకంటే కన్ను చదివేది మాటలనే.

ఇప్పుడు అదే శీర్షికను చెవితో విందాం. అక్షరాలుగా చీల్చిన శీర్షిక దగ్గరకు వచ్చినప్పుడు కొన్ని స్క్రీన్ రీడర్లు (తెరపై ఉన్నదాన్ని చూపులేనివారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లు) దాన్ని వాక్యంగా కాకుండా "ద", "ర" అని ముక్కముక్కగా చదువుతాయి. ఫోన్‌లో అయితే ఒక్కో ముక్కను దాటడానికి వేలితో ఒక్కోసారి పక్కకు తోయవలసి రావచ్చు. కంటికి అరసెకను ముచ్చటగా ఉన్నది, వినేవారికి పదిహేడుసార్లు వేలు కదిపే పనిగా మారుతుంది.

దీనికి ఒక చిన్న సాంకేతిక రహస్యం ఉంది. స్పాన్ ట్యాగ్‌ను పైకీ కిందికీ జరపాలంటే, అంటే ట్రాన్స్‌ఫార్మ్ ఇవ్వాలంటే, దాన్ని ఇన్‌లైన్-బ్లాక్‌గా మార్చక తప్పదు, మామూలు ఇన్‌లైన్ మూలకానికి ట్రాన్స్‌ఫార్మ్ వర్తించదు. వాక్యం విడివిడి పెట్టెలుగా మారడం అక్కడే మొదలవుతుంది. ఒపాసిటీ మాత్రం ఇన్‌లైన్ మూలకానికీ వర్తిస్తుంది. కాబట్టి మాటలు కదలకుండా తేటపడితే చాలనుకున్నప్పుడు ఇన్‌లైన్-బ్లాక్ అవసరమే రాదు, వాక్యం వాక్యంగానే మిగులుతుంది. మాటల మధ్య ఖాళీని స్పాన్‌కు బయటే ఉంచండి. ఇన్‌లైన్-బ్లాక్ లోపల చివర ఉన్న ఖాళీ లెక్కలోకి రాక, మాటలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి.

మాటలను జరపడం తప్పనిసరైతే రెండు ప్రతుల పద్ధతిని అనుసరించండి. శీర్షిక ట్యాగ్ లోపల ముందుగా పూర్తి వాక్యాన్ని ఒక స్పాన్‌లో పెట్టి, దాన్ని కంటికి మాత్రమే కనిపించకుండా చేయండి: స్థానం యాబ్సల్యూట్, వెడల్పు ఎత్తు ఒక్కో పిక్సెల్, ఓవర్‌ఫ్లో హిడెన్, క్లిప్-పాత్ విలువ 50 శాతం ఇన్‌సెట్, మాటలు వరుస మారకుండా వైట్-స్పేస్ నోర్యాప్. డిస్‌ప్లే నన్ గాని విజిబిలిటీ హిడెన్ గాని వాడితే స్క్రీన్ రీడర్‌కు కూడా అది కనిపించదు కాబట్టి అవి పనికిరావు. తరువాత ముక్కలుగా చేసిన ప్రతిని మరో స్పాన్‌లో పెట్టి, స్క్రీన్ రీడర్ నుంచి దాన్ని దాచే ఏరియా-హిడెన్ (aria-hidden) విలువ "ట్రూ" అని ఇవ్వండి. వినేవారికి మొదటి ప్రతి, చూసేవారికి రెండో ప్రతి అందుతాయి. దీనివల్ల పేజీలో ఆ మాట కోసం వెతికినప్పుడు రెండుసార్లు దొరికే చిన్న ఇబ్బంది ఉంటుంది. యానిమేషన్ పూర్తవగానే రెండు ప్రతులనూ తీసేసి మూల వాక్యాన్ని యథాతథంగా తిరిగి పెడితే ఆ ఇబ్బంది కూడా తొలగిపోతుంది. నేను ఎప్పుడూ అలాగే చేస్తాను.

మూలకానికి స్క్రీన్ రీడర్ చదివే పేరును ఇచ్చే ఏరియా-లేబుల్‌తో ఈ పని సులువుగా అయిపోతుందని కొందరు చెబుతారు. శీర్షిక ట్యాగ్‌కు దాన్ని ఇవ్వవచ్చు. విడిగా ఉన్న స్పాన్‌కు, డివ్‌కు, పేరాకు మాత్రం ఇవ్వకూడదని ఈ లక్షణాలను నిర్వచించే ఏరియా (ARIA) 1.2 ప్రమాణం నిషేధించింది. అలా ఇచ్చిన లేబుల్‌ను స్క్రీన్ రీడర్ పట్టించుకుంటుందన్న హామీ లేదు.

అయిదో అడుగు: దూరం, కాలం, మినుకు

మన శీర్షికలో ఒక్కో మాట తేటపడటానికి 250 మిల్లీసెకన్లు, మాటకూ మాటకూ మధ్య 80 మిల్లీసెకన్ల ఎడం పెడితే, మూడో మాట 410 మిల్లీసెకన్లకు కుదురుకుంటుంది. ఇది హాయిగా ఉంటుంది. అవే అంకెలను ముప్ఫై మాటల పేరాకు వర్తింపజేస్తే చివరి మాట రావడానికి 2,570 మిల్లీసెకన్లు, అంటే రెండున్నర సెకన్లకు పైగా పడుతుంది. త్వరగా చదివేవారు ఆ మాటల కోసం ఎదురుచూడవలసి వస్తుంది. చదువరిని నిరీక్షింపజేసే టెక్స్ట్ తన పనిని తానే అడ్డుకుంటున్నట్టు లెక్క. మాటల సంఖ్య ఎంతైనా మొత్తం కాలం 600 మిల్లీసెకన్లు దాటకుండా చూసుకోవడం నా అలవాటు. మాటలు పెరిగితే ఎడాన్ని తగ్గిస్తాను, లేదా మొత్తం వాక్యాన్ని ఒకేసారి తేటపరుస్తాను.

దూరం విషయంలో అక్షరం ఎత్తులో సగానికి మించి జరపకండి. తెర అంచు నుంచి దూసుకువచ్చేవి, గిరగిర తిరిగేవి, చదువరి వైపు పెద్దవవుతూ వచ్చేవి వద్దు. మారే లక్షణాలను ట్రాన్స్‌ఫార్మ్‌కు, ఒపాసిటీకి పరిమితం చేయండి. అక్షరాల పరిమాణాన్నీ, వాటి మధ్య ఎడాన్నీ మారిస్తే బ్రౌజర్ ప్రతి ఫ్రేమ్‌లోనూ వాక్యం అమరికను తిరిగి లెక్కించవలసి వస్తుంది. సెకనుకు 60 ఫ్రేములు గీసే తెర మీద ఒక్కో ఫ్రేమ్‌కు దొరికేది సుమారు 16.7 మిల్లీసెకన్లే; అది చాలకపోతే కదలిక తడబడుతుంది, పక్కనున్న వాక్యాలు కూడా ఊగిసలాడతాయి.

మినుకు విషయంలో డబ్ల్యూసీఏజీ 2.3.1 నియమం, ఏ ఒక్క సెకనులోనూ మూడుకు మించి మెరుపులు ఉండకూడదంటుంది. చిన్న విస్తీర్ణానికి, తక్కువ తీవ్రతకు కొన్ని మినహాయింపులిస్తుంది, గాఢమైన ఎరుపును ప్రత్యేకంగా పరిగణిస్తుంది. మీరు మినహాయింపులను లెక్కపెట్టుకుంటూ కూర్చోవద్దు. అక్షరాలను మెరిపించి ఆర్పే కదలికనే వాడకండి. కంప్యూటర్ లోపంతో తెర చెదిరినట్టు అక్షరాలను వణికించే గ్లిచ్ ప్రభావం కూడా ఈ కోవలోకే వస్తుంది.

ఐదు సెకన్ల నియమాన్ని మాత్రం కంఠస్థం చేయండి. దానంతట అదే మొదలై, ఐదు సెకన్లకు మించి సాగుతూ, పేజీలోని ఇతర విషయాల పక్కనే కదిలే దేన్నైనా ఆపడానికో, నిలిపివేయడానికో, దాచడానికో వాడుకరికి మార్గం ఉండాలని 2.2.2 నియమం చెబుతుంది. ఇది ఏ-స్థాయి నియమం, అంటే కనీస స్థాయి. మౌస్ పైన ఉంచితే ఆగుతుందంటే సరిపోదు, కీబోర్డు మీదా తాకుతెర మీదా పనిచేసేవారికి అది అందదు. అసలైన బటన్ ట్యాగ్‌తో, పేరుతో, కదిలే వాక్యానికి ముందే దాన్ని పెట్టండి.

ఆరో అడుగు: టైపు అవుతున్నట్టుండే వాక్యం, మారుతూ ఉండే మాట

ఈ రెండింటినీ వదులుకోవడం చాలామందికి కష్టం. టైపు ప్రభావాన్ని వాడవలసి వస్తే పూర్తి వాక్యానికి చోటు ముందే కేటాయించి, దాన్ని పైనుంచి కప్పిన తెరను తొలగిస్తున్నట్టు క్లిప్-పాత్‌తో వెల్లడించండి. అప్పుడు వాక్యం రెండో వరుసలోకి మళ్లినప్పుడల్లా కింద ఉన్న పేజీ దిగజారదు. "దిగువ ఉన్నదాన్ని నొక్కబోతుంటే అది జరిగిపోయింది" అన్న ఫిర్యాదు ఎక్కువగా వచ్చేది ఇక్కడి నుంచే. చివర్లో మినుకుమనే కర్సర్ గీతను వాక్యం పూర్తవగానే ఆపేయండి, దానికి ఏరియా-హిడెన్ ఇవ్వండి.

"మేము వెబ్‌సైట్లు తయారుచేస్తాం" అన్న చోట ఒక మాట ప్రతి రెండు సెకన్లకూ "యాప్‌లు", "లోగోలు" అని మారుతుండే శీర్షికను నేను వద్దనే అంటాను. మెల్లగా చదివేవారికి ఏ మాటా పూర్తిగా అందదు, వినేవారికి ఏ క్షణంలో ఏది ఉంటే అదే వినిపిస్తుంది. ఆ మూడు మాటలనూ పక్కపక్కన రాస్తే అర్థం ఒక్క చూపులో అందుతుంది.

అన్నిటికంటే ముఖ్యంగా, అక్షరం వెంట అక్షరం చేర్చే కోడ్‌ను ఏరియా-లైవ్ ప్రాంతంలో పెట్టకండి. అక్కడ ఏ మార్పు జరిగినా స్క్రీన్ రీడర్ ప్రకటించడానికి ప్రయత్నిస్తుంది. ఒక్కో అక్షరం చేరినప్పుడల్లా అది తన మాటను తానే అడ్డుకుంటూ పోతుంది. "మీ దరఖాస్తు అందింది" అన్నది పేజీ మారకుండా వచ్చే సందేశమైతే, లోపలి మార్పును స్క్రీన్ రీడర్ ప్రకటించేలా చేసే స్టేటస్ రోల్ ఉన్న ఖాళీ మూలకాన్ని ముందే పేజీలో ఉంచి, పూర్తి వాక్యాన్ని ఒకేసారి దానిలో వేయండి. కంటికి కనిపించే కదలికను వేరే మూలకంలో, ఏరియా-హిడెన్‌తో నడపండి. ఆ సందేశం కొన్ని సెకన్లకు తనంతట తానే మాయమైపోయేలా మాత్రం చేయకండి. దరఖాస్తు అందిందో లేదో తెలియక మనిషి మళ్లీ మొదటి నుంచి నింపడం మొదలుపెడతాడు.

ఏడో అడుగు: పరీక్షించడం

క్రోమ్ డెవలపర్ పరికరాల్లోని రెండరింగ్ ప్యానెల్‌లో ప్రిఫర్స్-రెడ్యూస్డ్-మోషన్‌ను అనుకరించే ఎంపిక ఉంటుంది. రోజువారీ పనికి అది చాలు. విడుదలకు ముందు మాత్రం నిజమైన పరికరంలోనే చూడండి: ఐఫోన్‌లో సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, మోషన్ వరుసలో రెడ్యూస్ మోషన్; విండోస్ 11లో యాక్సెసిబిలిటీ కింద విజువల్ ఎఫెక్ట్స్‌లో యానిమేషన్ ఎఫెక్ట్స్; ఆండ్రాయిడ్‌లో యాక్సెసిబిలిటీ కింద రిమూవ్ యానిమేషన్స్. ఆ స్థితిలో పేజీని పై నుంచి కింది వరకు చూసి, ఏ వాక్యమైనా కనిపించకుండా పోయిందా అని వెతకండి.

తరువాత ఎన్‌వీడీఏ, వాయిస్‌ఓవర్, టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్లలో మీకు అందుబాటులో ఉన్నదానితో పేజీని వినండి. కేవలం వరుసగా చదివించడమే కాకుండా శీర్షికల జాబితాను కూడా తెరవండి. "మీ దరఖాస్తు అందింది" అన్నది ఆ జాబితాలో ఒకే అంశంగా, మాటల మధ్య ఖాళీలతో, ఒక్కసారే ఉండాలి. రెండుసార్లు వినిపిస్తే ఏరియా-హిడెన్ ఎక్కడో తప్పింది, అసలు వినిపించకపోతే అది ఎక్కువ చోట్ల పడింది.

వాడుకరి తన సౌకర్యం కోసం వరుసల ఎత్తును అక్షర పరిమాణానికి 1.5 రెట్లకు, అక్షరాల మధ్య ఎడాన్ని 0.12 రెట్లకు, మాటల మధ్య ఎడాన్ని 0.16 రెట్లకు పెంచుకున్నా టెక్స్ట్ తెగిపోకూడదని 1.4.12 నియమం కోరుతుంది. స్థిరమైన ఎత్తున్న పెట్టెలో ఓవర్‌ఫ్లో హిడెన్ పెట్టి మాటలను కింది నుంచి పైకి తేల్చే శీర్షికలు తరచుగా ఈ పరీక్షలోనే ఓడిపోతాయి. తెలుగులో ఈ లోపం ఇంకా ముందే బయటపడుతుంది, ఎందుకంటే కింద ఒత్తులు, పైన గుడులు ఉండటం వల్ల మన అక్షరాలకు నిలువు చోటు ఎక్కువ కావాలి. "స్తు"లోని త ఒత్తు అడుగు భాగం కోతకు గురవుతుంది. ఎత్తును స్థిరంగా ఇవ్వకుండా వదిలేసి, కింద కొంత ప్యాడింగ్ చేర్చండి.

చివరిగా పేజీని ప్రింట్ ప్రివ్యూలో చూడండి. స్క్రోల్ చేసినప్పుడు మాత్రమే తేటపడే పేరాలు, ఎవరూ స్క్రోల్ చేయలేదు కాబట్టి, కాగితం మీద ఖాళీగా వస్తాయి. మొదలుపెట్టే స్థితిని కీఫ్రేమ్స్‌లో కాకుండా క్లాస్‌లో రాసిన చోటల్లా ఇది జరుగుతుంది. ప్రింట్ మీడియా క్వెరీలో యానిమేషన్‌ను తీసివేసి, ఒపాసిటీని ఒకటికి, ట్రాన్స్‌ఫార్మ్‌ను నన్‌కు మార్చి, ప్రివ్యూను మరోసారి తెరిచి ప్రతి పేరా ఉందో లేదో చూసుకోండి.